శుద్ధమైన తుప్పు

భోజన్న రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు చెప్పులు లెక్కపెట్టేవాడు. తన కొట్టు ముందువి కావు, వాటికి వేళ్లు కూడా అక్కర్లేదు. రోడ్డుకు అవతల, సీతారాం ఖానావళి ముందు విడిచినవి. స్టూలు మీద నిలబడి, మెడ సాచి, జతలు జతలుగా లెక్కించేవాడు. జత తప్పి బోర్లా పడ్డ ఒంటి చెప్పు కనిపిస్తే దాన్నీ కలిపేవాడు. ఒక్క కాలికే చెప్పున్న మనిషి కూడా తన దగ్గరికి రాకుండా అక్కడికే పోయాడని దానికి విడిగా బాధపడేవాడు.

ఇది డెబ్బై ఎనిమిది నాటి మాట. నాందేడ్ స్టేషన్ ఎదురు గల్లీలో భోజన్నది తెలుగువాళ్ల ఖానావళి. నెలకింతని మాట్లాడుకుని రెండు పూటలా తినిపోయే చోటు. ఆరేళ్లుగా దాన్ని నిలబెట్టింది రైల్వే బ్రిడ్జి గ్యాంగు. బెజవాడ మేస్త్రి అనంతరాములు, అతని కింద ఇరవై మంది ఖలాసీలు. వంతెనల ఇనుప దూలాలకు పట్టిన తుప్పు గీకి, ఎర్ర రంగు పూయడం వాళ్ల పని. పొద్దంతా గీకి, మధ్యాహ్నం చెవుల్లోంచి, మీసాల్లోంచి తుప్పు దులుపుకుని ఇరవై ఒక్క మంది బెంచీల మీద కూర్చుంటే ఆ కొట్టుకొక కళ ఉండేది. అనంతరాములు ఎక్కడ కూర్చుంటే మిగతా ఇరవై మంది అక్కడే కూర్చునేవాళ్లు. అతను తుమ్మితే కూడా ఇరవై ఒక్క తుమ్ములు వినిపించేవని గల్లీలో అనుకునేవాళ్లు.

కుండల్‌వాడి నుంచి సీతారాం వచ్చి ఎదురుగా ఖానావళి తెరిచినప్పుడు, “ఒక్క పూట చూసొస్తామండి భోజన్న గారూ” అని చెప్పి వెళ్లారు ఆ ఇరవై ఒక్క మంది. ఆ పూట ఎనిమిది నెలలుగా నడుస్తోంది.

“ఇంక రెండు నెలలు గిట్లనే ఉంటె కొట్టుకు తాళమేసుడే,” అన్నది భార్య పార్వతీబాయి, ఖాళీ బెంచీలు తుడుస్తూ. “మర్ఖేల్ పోయి మా తమ్మునింట్ల పత్తి ఏరుకోవాలె. నన్నైతె వాడు కాదనడు. నీ సంగతి నాకెర్కలేదు.”

భోజన్న ఎదురుకొట్టు వైపే చూస్తున్నాడు. అతని అసూయ ఎంత వేడిగా ఉండేదంటే, ఆ ఎనిమిది నెలల్లో పొయ్యిలోకి కట్టెలు సగమే ఖర్చయ్యాయి. ఈ మాట చెప్పింది పార్వతీబాయి. ఆమె ఊరికే మాటలు పెంచే మనిషి కాదు.

సీతారాం దగ్గర గొప్పగా ఉన్నది ఒక్కటే, నెయ్యి. అతని తల్లి జనాబాయి కుండల్‌వాడిలో నాలుగు బర్రెలు పెట్టుకుని కాచి పంపేది. పొద్దున బస్సులో ఇత్తడి డబ్బా దిగేది. సీతారాం ఆ మూత తీస్తే వాసనకు మన్మాడ్ ప్యాసింజరు రెండు నిమిషాలు ఆలస్యంగా కదులుతుందని స్టేషన్లో చెప్పుకునేవాళ్లు. భోజన్నకు నమ్మకం కలగక ఒకరోజు గడియారం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. మూడు నిమిషాలు.

అలాగని అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సీతారాం దగ్గర లేనిది తన దగ్గర ఏదో ఒకటి ఉండాలని చేయి కడుక్కునే చోట నిలువెత్తు అద్దం పెట్టించాడు, పక్కన దువ్వెన. ఖలాసీలు మధ్యాహ్నం వచ్చి అద్దంలో చూసుకుని, తల దువ్వుకుని, మీసం సరిచేసుకుని, అందంగా తయారై సీతారాం దగ్గరికి భోజనానికి పోయారు. తర్వాత రేడియో కొన్నాడు. గట్టిగా పెడితే అది ఎదురుకొట్లోకి బాగా వినిపించింది. పాటలకు అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ దిగుతోందని సీతారాం రోడ్డు దాటి వచ్చి మరీ మెచ్చుకుని పోయాడు. అప్పడాలు రెండింతలు పెద్దవి చేయించాడు. అవి ఆకు మీద పెడితే కింద అన్నం ఉందో లేదో తెలియక ఉన్న నలుగురైదుగురిలో ఇద్దరు మానేశారు.

జూన్ మొదట్లో ఒకరోజు, మధ్యాహ్నం భోజనాలైపోయాక, సీతారామే అతని కొట్టుకు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. ఎవరిమీదా ఏ అనుమానం లేని ముఖం. ఆ ముఖం చూస్తేనే భోజన్నకు ఒళ్లు మండేది.

“అన్నా, ఖాళీగున్నవా?”

“నీ పుణ్యాన ఎప్పుడు ఖాళీయే.”

“జర ఒక పని పడ్డదే,” అన్నాడు సీతారాం, దెప్పుడు చెవికెక్కకుండానే. “నా బోర్డు మరాఠీల ఉన్నది గద. తెలుగుల గూడ ఒకటి పెట్టుమన్నడు మేస్త్రి సాబ్, కొత్తగ బదిలైతె అచ్చెటోళ్లకు ఎర్కైతదని. మారోతి పెయింటరు ఏమంటడు, కాయితం మీద రాసిస్తె దాన్ని చూసి దింపుత అంటడు. రాసిచ్చెటోడేడి? నాకు తెలుగు మాట్లాడస్తది, అచ్చరం రాదు. నాలుగు దాంక ఉర్దూ, అటెన్క మరాఠీ. గల్లీ మొత్తంల నువ్వొక్కడివే.”

అది నిజం. ఆ గల్లీలో ఇళ్లల్లో తెలుగు ఎంత మాట్లాడినా, అక్షరాలు వచ్చింది భోజన్నకే. చిన్నప్పుడు బోధన్‌లో మేనమామ ఇంట్లో నాలుగేళ్లు ఉండి తెలుగు బడికి వెళ్లాడు. అక్కడి పంతులు గుండ్రంగా రాయనివాళ్ల వేళ్ల మీద కొట్టేవాడు కాబట్టి అతని చేతిరాత ముత్యాలు.

“ఏం రాయాలె?”

“ఇక్కడ భోజనంల శుద్ధమైన తూప్ వడ్డిస్తం అని. గంతే. ఎక్కువ గొప్పలద్దు.”

నాందేడ్ తెలుగువాళ్లు నెయ్యిని నెయ్యి అనేది తక్కువ. చుట్టూ ఉన్న మరాఠీవాళ్లలాగే తూప్ అంటారు. భోజన్న కాగితం తీశాడు. కలం విదిలించాడు. ‘ఇక్కడ భోజనంలో శుద్ధమైన’ అని రాశాడు. అక్కడిదాకా అతని చెయ్యి ధర్మంగానే నడిచింది.

తర్వాత ఆగింది. ఎదురుగా సీతారాం కొట్టు ముందు మధ్యాహ్నపు చెప్పుల ముద్రలు మట్టిలో ఇంకా ఉన్నాయి.

తూప్. తెలుగులో ఏ మాటనూ అట్లా గాలిలో వదిలేయకూడదని బోధన్ పంతులు చెప్పాడు. చివర ఉకారం పెట్టి కూర్చోబెట్టాలి. బస్ బస్సు అవుతుంది. కప్ కప్పు అవుతుంది. సబ్ కలెక్టర్ సబ్బు కలెక్టరు అవుతాడో లేదో చెప్పలేదు గాని, తూప్ మాత్రం ఏమవ్వాలో భోజన్నకు ఒక్కసారిగా తోచింది. అతను చాలా నెమ్మదిగా, చాలా అందంగా, ‘తుప్పు’ అని రాశాడు. తర్వాత ‘వడ్డించబడును’ అని ముగించాడు.

ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి వ్యాకరణం సిద్ధంగా ఉంది. ఇంత వ్యాకరణబద్ధంగా ఆ గల్లీలో అంతకు ముందు ఎవరూ ఎవరినీ ముంచలేదు. పైగా ఇనుముకు పట్టేదాన్ని ఆ వైపు తెలుగువాళ్లు జంగు అంటారు. తుప్పు అనే మాట సీతారాం పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. విని ఉన్నవాళ్లు ఆ రోడ్డు మీద ఇరవై ఒక్క మంది, వాళ్లంతా పొద్దంతా దాన్ని గీకి గీకి అసహ్యించుకునేవాళ్లు. అన్నం తినే చోట గోడ మీద ఆ మాట చూస్తే వాంతి చేసుకుంటారని, ఆ వాంతి తన కొట్టు వైపు తిరిగి చేసుకుంటారని భోజన్న లెక్క.

సీతారాం కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని మురిసిపోయాడు. “మస్తు గుండ్రంగున్నయే. గిండ్ల తూప్ ఏది?”

భోజన్న కాగితాన్ని సరిగ్గా తిప్పి, వేలు పెట్టి చూపించాడు. “గిది.”

సీతారాం ఆ మాటను కళ్లకద్దుకున్నాడు.

మారోతికి తెలుగు రాదు. ఏ భాష అక్షరమైనా అతనికి బొమ్మే. గణపతిని దించినట్టు దించుతాడు. అసలు మాట పెద్దగా ఉండాలని సీతారాం చెప్పాడు కాబట్టి ‘తుప్పు’ను మూరెడు ఎత్తున, ఎర్ర రంగులో, నల్ల నీడతో రాశాడు. తనకు తోచి, ‘ప్పు’ కింద నుంచి మూడు పసుపు చుక్కలు కారుతున్నట్టు వేశాడు. “కాయ్ సుందర్ అక్షర్ ఆహే, భోజన్నా,” అని రాసిచ్చినవాడిని మెచ్చుకున్నాడు. భోజన్న తల వంచుకుని ఆ మెప్పు అందుకున్నాడు.

బోర్డు ఎక్కించిన రోజు సీతారాం కొబ్బరికాయ కొట్టాడు. భోజన్న మొదటిసారి రోడ్డు దాటి అవతలకు వెళ్లి, ముందు వరసలో నిలబడి, ప్రసాదం కూడా తీసుకున్నాడు. పన్నెండున్నరకు గ్యాంగు వచ్చింది. ముఖాల మీద, మెడల మీద గోధుమ రంగు పొడి. అనంతరాములు గుమ్మం దగ్గర తలెత్తి ఆగాడు. వెనక ఇరవై మంది ఆగారు.

అతను ఒకసారి లోపల చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు. “ఇక్కడ భోజనంలో శుద్ధమైన తుప్పు వడ్డించబడును.”

భోజన్న తన కొట్టు వైపు దారి వదిలి పక్కకు జరిగాడు.

“ఏవండీ సీతారాం గారూ,” అన్నాడు అనంతరాములు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. “శుద్ధమైందేనా?”

“బిలకుల్, మేస్త్రి సాబ్. కల్తీ రవ్వంత లేదు. మా అమ్మ చేతిది.”

“అమ్మగారు స్వయంగా తీస్తారా?”

“నలభై ఏండ్లసంది.”

“మాకు పాతికేళ్లే అయిందండి తీయబట్టి. మరి ఎక్కువ తింటే ఏం కాదా?”

“ఏం గాదు. మోకాళ్లకు మంచిది.”

ఇరవై ఒక్క మంది నవ్వు ఆ గల్లీలో పుట్టి స్టేషన్లోకి పోయి, రెండో ప్లాట్‌ఫారం చివర నిద్రపోతున్న పోర్టర్ని లేపింది. ఒక ఖలాసీ గోడ పట్టుకుని కూలబడ్డాడు. సీతారాం కూడా నవ్వాడు, వచ్చినవాళ్లు సంతోషంగా ఉన్నారు కదా అని. లోపలికి పోయి కూర్చున్నాక అనంతరాములు మెల్లగా చెప్పడం గుమ్మం బయట నిలబడ్డ భోజన్నకు వినిపించింది. “ఎవడూ ఆయనతో అనకండిరా. చెబితే తీసేస్తాడు. ఇలాంటి బోర్డు సికిందరాబాదులో కూడా లేదు.”

ఆ రోజునుంచి ఆ బోర్డు ఊరేగింది. కదలకుండానే. రైలు మారడానికి గంట టైమున్న తెలుగు ప్రయాణికులు సామాను వెయిటింగ్ రూములో పడేసి చూడ్డానికి వచ్చారు. చూసినవాళ్లు ఊరికే పోతే బాగుండదని తిన్నారు. తిన్నవాళ్లు నెయ్యి గురించి ఇంకో పదిమందికి చెప్పారు. మాండవి అడవిలోంచి కట్టెల లారీ డ్రైవరొకడు నాందేడ్‌లో పని లేకపోయినా ఖాళీ లారీ వేసుకుని వచ్చాడు. బోధన్ నుంచి ఒక పెళ్లివారి బస్సు దారి మళ్లింది. పెళ్లికొడుకు బోర్డు కింద నిలబడి నవ్వుతూ ఉండిపోతే ముహూర్తం తప్పి, రెండోది పెట్టుకోవలసి వచ్చింది.

“ఒక గరిటె తుప్పు వేయండి,” అనేవాళ్లు అందరూ. ఆంధ్రవాళ్లు తూప్‌ను అట్లా అంటారేమో అనుకున్నాడు సీతారాం. వచ్చినవాళ్ల మాట వచ్చినవాళ్లకు ఇష్టం కదా అని తనూ నేర్చుకున్నాడు. “ఇంక జర తుప్పెయ్యన్నా? సిగ్గు పడకున్రి, మస్తున్నది తుప్పు,” అని గరిటె పట్టుకుని బెంచీల మధ్య తిరిగేవాడు. ప్రతి శుక్రవారం నిచ్చెనేసుకుని బోర్డుకు బంతిపూల దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిలబడి దండం పెట్టేవాడు. వానాకాలంలో బోర్డు రేకు మూల గోధుమ రంగుకు తిరిగి పొడి రాలడం మొదలైంది. రాసిన మాటకు కట్టుబడ్డ బోర్డు దేశంలో అదొక్కటే.

ఇదంతా భోజన్న స్టూలు మీద నుంచి చూశాడు. ఇప్పుడు అతని అసూయకు కొత్త కొమ్మ మొలిచింది. ఇదివరకు సీతారాం నెయ్యి చూసి ఏడ్చేవాడు. అది పోనీ, జనాబాయి బర్రెలది. కానీ ఈ మాట తనది. తన కలం, తన వ్యాకరణం, తన వేళ్ల మీద పడ్డ దెబ్బలు. పుట్టి బుద్ధెరిగాక తనకు తట్టిన ఒకే ఒక్క గొప్ప చమత్కారం. దాని కింద కూర్చుని ఊరంతా తింటోంది, తను తప్ప. చెప్పుకుందామంటే మోసగాడంటారు. చెప్పుకోకుంటే పేరు సీతారాందే. నిద్రలో కూడా ‘తుప్పు నాది’ అని పలవరిస్తే, పార్వతీబాయి తట్టి లేపి, “నీదే, ఎవలద్దన్నరు. పండుకో,” అన్నది. ఆమెకు ఆ మాటకు అర్థం తెలియదు.

“గా బోర్డుల ఏమున్నదయ్యా గంతగనం నవ్వుతున్నరు?” అని పొద్దున అడిగింది.

“తప్పున్నది.”

“ఎవలు చేసిన్రు?”

“ఎవలో మస్తు తెలివున్నోడు.”

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. “అయితె నువ్వు గాదు,” అని పిండి కలపడానికి పోయింది.

టికెట్ల బాబు బాబురావు మరాఠీ మనిషి. ఎవరో అర్థం చెబితే తెలుసుకుని, భోజన్న దగ్గరికే వచ్చి, “సీతారాం మోఠా డోకేబాజ్ ఆహే హాఁ,” అని, పెద్ద బుర్రున్నవాడని మెచ్చుకుని పోయాడు. భోజన్న ఆ పూట మజ్జిగ కూడా ముట్టలేదు.

దసరా వెళ్లిన వారం, కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరు భార్య సూర్యకుమారి కూరగాయల సంచితో ఆ రోడ్డున పోతూ బోర్డు చూసింది. చదివింది. సంచి కింద పెట్టి కరెంటు స్తంభం పట్టుకుంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, పక్కన ఎవరో ఒకరున్నారు కదా అని భోజన్నతో అన్నది. “ఎంత గడుసువాడండీ ఈయన. కావాలనే రాయించుంటాడు, జనం ఆగడానికి. వ్యాపారమంటే అట్లా ఉండాలి. ఎదురుగా ఇంకో హోటలాయన ఉన్నాట్ట, పాపం, ఆయనకు అప్పడాలు పెద్దవి చేయడం తప్ప ఏమీ తట్టదట.”

సంచి తీసుకుని ఆమె వెళ్లిపోయింది. భోజన్న రోడ్డు దాటాడు. చెప్పులు విడవడం కూడా మరచిపోయి సీతారాం ఖానావళిలోకి నేరుగా నడిచాడు. పన్నెండున్నర. ఇరవై ఒక్క మంది ఆకుల ముందు ఉన్నారు.

“గది నేను రాసిన,” అన్నాడు.

ఎవరూ తలెత్తలేదు. పప్పు బాగుంది ఆ రోజు.

“తుప్పు నేను రాసిన,” అన్నాడు భోజన్న గట్టిగా. “గాయన గాదు. గాయన తూప్ అని రాయమన్నడు, నేను తుప్పు రాసిన. ఎర్కుండే రాసిన. మీరందరు గాయన తెలివనుకుంటున్నరు. గాయనకు తెలుగుల అచ్చరం ముక్క రాదు. గా తెలివి నాది.”

ఇరవై ఒక్క చేతులు ముద్ద దగ్గర ఆగిపోయాయి. బెంచీల మధ్య సీతారాం గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. గరిటె నుంచి ఒక చుక్క జారి నేల మీద పడింది.

“తుప్పంటె తూపే గద,” అన్నాడతను.

ఇరవై మంది మేస్త్రి వైపు చూశారు.

“మేస్త్రి సాబ్?”

అనంతరాములు ఆకులోకి చూస్తూ అన్నాడు. “ఇనుముకు పట్టేదండి. మేం గీకేది.”

“జంగా?”

“జంగేనండి.”

సీతారాం గరిటెను గిన్నెలో పెట్టాడు. చాలా మెల్లగా పెట్టాడు. “నాలుగు నెల్లసంది శుక్రారం శుక్రారం నేను జంగుకు దండేసిన్నా,” అన్నాడు. కోపంగా లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది. “మా అమ్మకు గూడ చెప్పిన. నీ తూపు పేరు తెలుగుల గోడెక్కిందే అని. ఆమెను పట్కచ్చి చూపెట్టిన గూడ. బస్సుల. మొక్కింది.”

ఆ గదిలో నవ్వడం మొదలుపెట్టిన ఖలాసీ ఒకడు నోరు మూసుకున్నాడు. భోజన్నకు వెళ్లిపోవాలనిపించింది. కానీ పేరు కోసం వచ్చాడు, పేరు ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

“తప్పు మాదీ ఉందండి,” అన్నాడు అనంతరాములు. “మొదటి రోజే చెప్పాల్సింది.”

సీతారాం అది విన్నాడో లేదో. ఒక ఆకు తెచ్చి బెంచీ చివర వేశాడు. అన్నం పెట్టాడు. పైన పావు గరిటె నెయ్యి పోశాడు. “కూసో అన్నా,” అన్నాడు.

“నేను తిననీకి రాలే.”

“కూసో.”

భోజన్న కూర్చున్నాడు. ఏడాది దాటినా ఆ నెయ్యి చుక్క నోట పెట్టలేదతను. పెడితే ఒప్పుకోవలసి వస్తుందని భయం. ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. పూస పూసగా, కొంచెం మాడిన వాసనతో, చివర్న తమలపాకు వేసి కాచిన తీపి. అది గొంతు దిగుతూ ఉంటే అతనికి ఇరవై ఒక్క మంది మీద ఉన్న కోపం ఒక్కొక్కరి మీదే తగ్గుతూ వచ్చింది. తనైనా పోయేవాడే. మొదటి రోజే పోయేవాడు. అది అర్థమయ్యేసరికి సీతారాం మీద కోపం మాత్రం రెండింతలైంది.

“ఏందిది?” అన్నాడు సీతారాం.

చెప్పడానికి భోజన్న దగ్గర పది మాటలున్నాయి. “నెయ్యి,” అన్నాడు.

“అందరికినపడాలె.”

“నెయ్యి. మంచి నెయ్యి.”

“మంచిగున్నదా అని నేనడగలే,” అన్నాడు సీతారాం. గల్లా దగ్గర్నుంచి కాగితం, కలం తెచ్చి ఎడమ చేతి పక్కన పెట్టాడు. “గదే రాసియ్యి.”

భోజన్న చేయి కడుక్కుని వచ్చి రాశాడు. ఇక్కడ భోజనంలో శుద్ధమైన నెయ్యి వడ్డించబడును. ఈసారి సీతారాం కాగితాన్ని కళ్లకద్దుకోలేదు. అనంతరాములు ముందు పెట్టి చదవమన్నాడు. అతను చదివాక పక్కవాడి ముందు పెట్టాడు. పక్కవాడు చదివాక ఆ పక్కవాడి ముందు. ఇరవై ఒక్క మందీ ఒక్కొక్కరే నెయ్యి అని చదివి, ఒక్కొక్కరే అవునన్నారు. చదువు రాని ఖలాసీలు ఇద్దరున్నారు. వాళ్లు కూడా అవునన్నారు.

అప్పుడు సీతారాం నిచ్చెనేసుకుని బోర్డు దించాడు. ఎండిన దండ దాంతోపాటే వచ్చింది. గ్యాంగంతా బయటకొచ్చి, తలలు వంచుకుని, శవం లేపుతున్నప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డారు.

“తీసేస్తే మాకు ముద్ద దిగదండి సీతారాం గారూ,” అన్నాడొకడు.

“గీ బోర్డు నాకద్దు,” అన్నాడు సీతారాం. “గంత ఇష్టముంటె పట్కపోయి ఇంజన్‌కు కట్టుకోన్రి.”

అప్పటికే పార్వతీబాయి రోడ్డు మధ్యకు వచ్చి ఉంది. మొగుడు ఎదురుకొట్లోకి చెప్పులతో పోవడం చూసి కొట్టుకుంటున్నారేమో అనుకుని వచ్చింది. సంగతి పక్కవాళ్లు చెబితే వింది. ఒక్కసారి మొగుడి ముఖం చూసింది. మొట్టమొదటిసారి కొంచెం గౌరవంగానే చూసింది. తర్వాత బోర్డు దగ్గరికి వచ్చి, దండ తీసి పక్కన పెట్టి, రేకును చంకన పెట్టుకుంది.

“ఏడికి?” అన్నాడు భోజన్న.

“రాసినోని ఇంటికి.”

“మన కొట్టు మీద జంగు బోర్డు కడతవా?”

“రాసెటప్పుడేడ వోయింది గీ సిగ్గు,” అన్నది ఆమె, రోడ్డు దాటుతూనే.

మర్నాడు పన్నెండున్నరకు గ్యాంగు రోడ్డు మధ్యకు వచ్చి ఆగింది. ఎడమవైపు ఏ బోర్డూ లేని సీతారాం గుమ్మం, మారోతి ఇంకా రంగులు కలుపుతున్నాడు. కుడివైపు భోజన్న గుమ్మం, దానిపైన మూరెడెత్తు తుప్పు. అనంతరాములు చాలాసేపు అటూ ఇటూ చూశాడు. సీతారాం దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. సీతారాం చేత్తో కుడివైపు చూపించాడు. పోన్రి అన్నట్టు. ఇరవై ఒక్క మంది వచ్చి భోజన్న బెంచీల మీద కూర్చున్నారు.

భోజన్న గుండె పూరీలా పొంగింది. తనే స్వయంగా వడ్డించడానికి దిగాడు.

“తుప్పు వేయండి భోజన్న గారూ,” అన్నాడు అనంతరాములు.

భోజన్న వనస్పతి గిన్నె తెచ్చాడు. అనంతరాములు అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఇరవై చేతులు ఇరవై ఆకుల మీద అడ్డం పడ్డాయి.

“ఇది శుద్ధమైంది కాదండి,” అన్నాడు మేస్త్రి, చాలా మర్యాదగా. “పైన రాసుంది కదా.”

ఆ సాయంత్రం పార్వతీబాయి సీతారాం దగ్గరికి పోయి మాట్లాడి వచ్చింది. జనాబాయి ఇంకో రెండు బర్రెలు కొంటుంది. రెండు కొట్లకూ నెయ్యి అక్కడి నుంచే వస్తుంది. సీతారాం ఒక్కటే షరతు పెట్టాడట. “రోజు పొద్దుగాల అన్ననే అచ్చి పట్కపోవాలె. ఇంకెవలను పంపద్దు. నువ్వు గూడ రాద్దు.”

ఆ విధంగా భోజన్న కొట్టు నిలబడింది. రెండు నెలలకు మూతపడుతుందనుకున్నది, పన్నెండేళ్లు నడిచింది. తుప్పు హోటలంటే తెలియని తెలుగువాడు ఆ లైను మీద లేడు. ఆ మాట రాసింది తనే అని ప్రతి కొత్తవాడికీ భోజన్న మూడేసిసార్లు చెప్పేవాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఇంతకంటే మనిషికి ఏం కావాలని ఎవరికైనా అనిపించాలి.

అతనికి మాత్రం పొద్దున తొమ్మిదింటికి, డబ్బా పట్టుకుని రోడ్డు దాటి, సీతారాం గుమ్మం ముందు నిలబడే ఆ పావుగంట ఉండేది. సీతారాం తొందరపడి పోసిచ్చేవాడు కాదు. లోపల ఏదో పనుందనేవాడు. నిలబడితే తలపైనే కొత్త బోర్డు. మారోతి పచ్చ రంగులో రాశాడు, ఈసారి చుక్కలు కార్చలేదు. దారిన పోయేవాళ్లు చదివేవాళ్లు. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. చదివి, కొంచెం గంభీరంగా, పిల్లల చేయి పట్టుకుని, కుటుంబాలతో సహా లోపలికి పోయేవాళ్లు. స్టేషన్ మాస్టరు భార్య సూర్యకుమారి కూడా అక్కడే తినేది. తుప్పు చూడ్డానికి భోజన్న కొట్టు దాకా వచ్చేది గాని, తినడానికి సీతారాం దగ్గరికే.

భోజన్న తలెత్తి ఆ ‘నెయ్యి’ని చూసేవాడు. ‘నె’ తల ఎంత నిండుగా తిరిగిందో. ‘య్యి’ కింద ఒత్తు ఎంత నెమ్మదిగా ఒంగి వచ్చిందో. ఇరవై ఒక్క మంది చూస్తుండగా, కడుపులో ఆ నెయ్యి వెచ్చగా ఉండగా రాసిన అక్షరాలు. తన ‘తుప్పు’లో ఆ గుండ్రం లేదు. ఎంత చూసినా లేదు.

“నిండినదే, పట్కపో అన్నా,” అనేవాడు సీతారాం.

భోజన్న డబ్బా అందుకునేవాడు గాని వెంటనే కదిలేవాడు కాదు. ‘వీడికి ఇంత మంచిగా ఎందుకు రాసిచ్చాను’ అని ఇంకోసారి తలెత్తి చూసేవాడు.